గిడుగువారి రెండవ పాఠం

దేశరాజధానిలోని కటవారియా సరాయ్ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువకుల విడిదిగా పేరు పొందింది. ఆ ఇరుకు సందులలో అద్దెగది తీసుకొన్న తెలుగు విద్యార్థికి హిందీలో సాగే బోధన తొలినాళ్లలో కొరకరాని కొయ్య. విషయం తెలిసినా నోరు పెగలదు. పట్టభద్రుని స్థితే ఇట్లుండగా, సీతంపేట కొండలలోని ఆరేళ్ల సవర బాలిక తొలిసారి తెలుగు వాచకం తెరచినప్పటి స్థితి ఎట్టిదో ఊహించవచ్చు. భేదం ఒక్కటే. తనకు రానిది పరభాష అని యువకుడు ఎరుగును. తనకు చదువే రాదని బాలిక నమ్ముతుంది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. జనం నోట నిలిచిన భాషకు బడిలో చోటు కల్పించడానికి ఆయన సాగించిన పోరాటం సుప్రసిద్ధం. అంతకుముందే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో, ఆయన సవర భాష నేర్చి, వాచకాలు రచించి, సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. రెండు కృషులకూ మూలసూత్రం ఒక్కటే: చదువు బిడ్డ నోటిమాటతో మొదలు కావాలి. మొదటి పాఠం మనకు హక్కునిచ్చింది గనుక గుర్తుంచుకొన్నాము. రెండవది మనపై బాధ్యత మోపుతుంది గనుక మరచాము.

ఆచరణకు పూర్వోదాహరణలు లేకపోలేదు. 1940లో కుమ్రం భీము పోరాటం అణచివేతకు గురైన పిదప నిజాం ప్రభుత్వం ఆదిలాబాదు గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని హైమెండార్ఫుకు అప్పగించింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభమైంది. గోండి వాచకాలు తయారైనాయి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషావర్గాల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందించవలెనని నిర్దేశించింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలలో, తెలుగు లిపిలో, పాఠ్యపుస్తకాలు రూపొందించింది.

ఇక్కడొక ఆక్షేపణ ఉంది. ఉద్యోగానికి పనికివచ్చే తెలుగు, ఇంగ్లీషు కావాలని గిరిజన తల్లిదండ్రులే కోరుతున్నారు గదా? ఆ కోరిక న్యాయమైనది. ఇంటిభాషలో ఆరంభించడమంటే అక్కడే నిలిపివేయడం కాదు. ఆ భాష మీదుగా తెలుగుకూ, ఇంగ్లీషుకూ దారి వేయడం. అయితే భాష మార్చినంతమాత్రాన బోధన బిడ్డకు దగ్గర కాదు. పోడు, సంత, ఇప్పపూల కాలం, కొత్తల పండుగ గణితంలోను, పరిసరాల విజ్ఞానంలోను ప్రవేశించాలి. అది పాఠానికి అలంకారం కాదు. ఆ బిడ్డ ఇల్లు కూడా జ్ఞానానికి నిలయమేనన్న అంగీకారం.

మరి బోధించేదెవరు? షెడ్యూల్డు ప్రాంతాలలో ఉపాధ్యాయ నియామకాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. ఆ తీర్పు పుట్టుకను బట్టి చేసే నూరుశాతం కేటాయింపును గురించినది. భాషాజ్ఞానం మాట వేరు. సవర గ్రామానికి వెళ్లే ఉపాధ్యాయుడు, అతడెవరైనప్పటికీ, సవర నేర్చుకోవాలని కోరడం పరిపాలన చేయగల పనే. తెలుగు మాతృభాషగా గల గిడుగువారు ఎవరూ ఆదేశించకుండానే ఆ పని చేశారు.

పెద్దభాషల ముందు మన భాషకు మనం కోరే న్యాయాన్ని, మన భాష పెద్దదైన చోట చిన్నభాషకు ఇవ్వగలమా? మన భాషాభిమానానికి నిజమైన పరీక్ష అదే.