దిక్కులేని శవము – వేడుక చూచు కన్ను

దినపత్రికలోని జిల్లాపుటలో నొక మూల నాలుగు పంక్తులకు మించని ప్రకటన యొకటి తఱచుగా గానవచ్చును. రైలుపట్టాల ప్రక్క గుర్తు తెలియని శవము, వయస్సు ఇంచుమించు ఏబది, నీలపుగళ్ల చొక్కా, మోచేతిపై పుట్టుమచ్చ, ఎఱిగినవారు రైల్వే పోలీసులకు దెలుపవలెను. మనము కాఫీ త్రాగుచు దానిని జూచి, పుట త్రిప్పుదుము. ఆ నాలుగు పంక్తులలో నొక మనుష్యుని జీవితమంతయు ముగిసినదని మనకు స్ఫురింపదు. అట్టి శవమే వెండితెరపై గనబడినచో రెండుగంటలు కదలక కూర్చుందుము; ఎవరు చంపిరి, ఎందుకు చంపిరి యని ప్రక్కవానితో వాదింతుము. పత్రికలో మన మనస్సును దాకని శవము కథలో నింత గట్టిగా దాకుట కేమి కారణము? ఈ యాసక్తి దయయా, కుతూహలమా? కుతూహలమే యైనచో నది దోషమా? చదువరులతో గూడి యాలోచింపవలెనని యీ ప్రశ్నను మీ ముందుంచుచున్నాను.

నేను దీనిని హైదరాబాదులోని మధురానగరమున గూర్చుండి వ్రాయుచున్నాను. ఇచ్చటి మెట్రో స్టేషనుకు తరుణి మధురానగర్ అని పేరు. అచ్చట రైలెక్కినచో కొలదినిమిషములలోనే జూబిలీహిల్స్ చెక్‌పోస్టు. ఆ కొండమీదనే ఫిల్మ్‌నగర్. దాని దాపుననే కృష్ణానగర్. ఆ వీథులలో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు, దుస్తులు కుట్టువారు కాపురముందురు. తెల్లవాఱకముందే టీకొట్ల చెంత నిలిచి, నేడు పని దొరకునా యని యెదురుచూచువారు వారే. పెండ్లివిందులో బంతినిండుగా గూర్చుండువారును, సంతలో నడచువారును, రైలుపట్టాలపై దెల్లగుడ్డ క్రింద గదలక పరుండువారును వీరే. శవవేషము వేయుటయు నొక కూలియే. ఊపిరి బిగబట్టి, రొమ్ము కదలనీయక, మొగముపై ఈగ వ్రాలినను ఱెప్ప వేయక పడియుండవలెను. కథానాయకుడు దుఃఖించినచో జప్పట్లు వానికి; చచ్చినవాని వేషము గట్టినవాని పేరు తెరపై సాధారణముగా గానరాదు. దిక్కులేని శవమును నటించువాడును పేరులేనివాడే! ఈ పోలికయే నన్నీ విషయమునకు దెచ్చినది.

2019 జూన్ 21వ తేదీని ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ యను చిత్రము విడుదలయ్యెను. దానికి దర్శకుడు స్వరూప్ ఆర్.ఎస్.జె.; అదియే యాతని మొదటి చిత్రము. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా. పెద్ద తారలు లేరు. పెద్ద సంస్థల యండ లేదు. కథ జరుగునది నెల్లూరులో. అచ్చట నొక యువకుడు ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ అని బోర్డు గట్టి, అమెరికా వారి పేరుగల సంస్థ యక్షరములనే తానును దాల్చి, చిన్నచిన్న కేసులు పట్టుకొని బ్రతుకుచుండును. పరిశోధన యన నతనికి సినిమాలు నేర్పినదే. అట్టివాని కంటికి రైలుపట్టాల ప్రక్క బడియున్న గుర్తుతెలియని శవములు కనబడును. అచ్చటినుండి హాస్యము మెల్లగా జీకటిలోనికి దిగును. రహస్యమును సాంతముగా విప్పుట చూడనివారికి ద్రోహము. కాని చచ్చినవారికి సద్గతి కలుగవలెనను బంధువుల నమ్మకమునే పెట్టుబడిగా జేసికొనిన దుర్వ్యాపార మొకటి దాని మూలమున నున్నదని మాత్రము చెప్పక తప్పదు.

కథానాయకుడుగా నటించిన నవీన్ పోలిశెట్టి హైదరాబాదువాడు. అంతకుముందు ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ (2012), ‘1: నేనొక్కడినే’ (2014) మున్నగు చిత్రములలో జిన్న వేషములు వేసెను. ఈ చిత్రమునకు దర్శకునితో గూడి కథనమునుగూడ వ్రాసెను. ఆతని నటనలో రెండంతస్తులున్నవి. పైయంతస్తు గొప్పలు: వేగముగా మాటలాడుట, చూచిన ప్రతివాని చెప్పులను, చేతులను బట్టి చరిత్ర చెప్పబూనుట, తప్పినపుడు తడబడి సర్దుకొనుట. క్రిందియంతస్తు దుఃఖము: తల్లి మరణించినపుడు సకాలమునకు జేరలేక, కడసారి చూపునకు నోచుకొనని కొడుకు వాడు. ఈ రెండవదానిని నటుడు మాటిమాటికి మనకు జూపి కన్నీరు పిండుకొనడు. మాటల వేగము తగ్గినచోట నది తనంత దానే కనబడును. సహాయకురాలు స్నేహగా శ్రుతిశర్మ నవ్వించుటకు బోటీపడక, వినుచు, చూచుచు, నాతని చపలతకు గట్టువలె నిలిచినది. ఒకరు పొంగి, ఒకరు నిలుకడగా నుండుటచే హాస్యము హద్దు దాటలేదు. 1986లో జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’లో జిరంజీవి నవ్వించు డిటెక్టివు వేషము వేసియుండెను. ఆ నవ్వు మనలను హాయిగా నింటికి బంపును. ఈ చిత్రములోని నవ్వు మనలను శవము దాక దీసికొనిపోయి యచ్చట విడుచును.

చావును వేడుకగా జూచుట తెలుగువారికి గ్రొత్త కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి హరిశ్చంద్ర నాటకములో కాటిసీనుకొఱకు జనులు తెల్లవార్లు మేలుకొనియుండిరి. జాషువగారి శ్మశాన పద్యములు రాగముతో బాడుచుండగా ‘ఒన్స్‌మోర్’ అని కేకలు వేసిరి. శ్మశానమున రాజు, బంటు నొక్కటే యని విని తలలూపినవారు, మఱునాడు తమ యూరి శ్మశానమున గులమునకొక మూల కేటాయింపబడియుండుట చూచియు నూరకుండిరి. కన్నీరు ఖర్చు చేసితిమి గనుక ధర్మము చెల్లించితిమని తలచుటయే ప్రేక్షకుని మొదటి దోషము. డిటెక్టివు నవలల సంగతియు నిట్టిదే. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును అద్దెకు దెచ్చుకొని రాత్రికి రాత్రి చదివిన తరమువా రెందఱో యున్నారు. హంతకుడు దొరికినంతనే పుస్తకము మూసితిమి. చచ్చినవాని పేరు మఱునాటికి మఱచితిమి.

అపరాధపరిశోధన కథలో శవమొక తాళము, పరిశోధకుడు తాళపుచెవి. తలుపు తెఱచుకొనిన పిదప తాళముతో నెవరికిని బని లేదు. ఇది యీ కథాజాతికి బుట్టుకతో వచ్చిన లోపము. కాని కుతూహలమును సంపూర్ణముగా నిందింపవలెనా? నేనట్లనుకొనను. దయ పుట్టుటకు ముందు చూపు నిలువవలెను. నాలుగు పంక్తుల ప్రకటనపై మన చూపు నిలువదు గనుకనే దయయు బుట్టదు. కుతూహలము చూపును నిలుపును. అంతవఱకు అది మేలే చేయును. అది ‘ఎవరు చంపిరి’ యను ప్రశ్నతో నాగిపోయెనా, ‘చచ్చిన దెవరు’ అను ప్రశ్న దాక నడచెనా యన్నదే ధర్మపరీక్ష. మొదటి ప్రశ్నకు సమాధానము బుద్ధికి దృప్తి నిచ్చును. రెండవదానికి సమాధానము మనకొక బాధ్యతను నెత్తిన బెట్టును. ఈ చిత్రము మేలైనదగుట కిదియే కారణము: కథానాయకుని పరిశోధన తెలివితేటల ప్రదర్శనముగా మొదలై, తల్లిని గడసారి చూడలేని కొడుకు ఋణము తీర్చుకొనుటగా ముగియును.

చట్టమేమి చేయునో చూతము. 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 174వ సెక్షనును, 2024 జూలై 1నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షనును అనుమానాస్పద మరణములకు పంచనామా విధించుచున్నవి. ఇరుగుపొరుగు వారిలో నిద్దఱు, లేక యంతకెక్కువమంది పెద్దమనుష్యుల సమక్షమున, శరీరముపై గాయములేవి, అవి దేనిచేత గలిగినట్లు కనబడుచున్నవి, మరణకారణమేమి యని వ్రాయవలెను. పోలీసులు గుర్తుపట్టుటకు బ్రకటనలును వేయుదురు. కాని మనిషిని గుర్తుపట్టవలసినవాడు పోలీసు కాదు. వానితో నొకప్పుడు పంక్తిభోజనము చేసినవాడు. చట్టము ‘ఎట్లు చచ్చెను’ అని యడుగగలదు. ‘వీడు మావాడు’ అని చెప్పవలసినది సంఘము. అనాథప్రేతసంస్కారము కోటియజ్ఞములకు సమానమని మన పెద్దలు చెప్పిరి. యజ్ఞములకు జందాలిచ్చువారు పెక్కురు. పంచనామాకు సాక్షిగా నిలువుమన్న బ్రక్కసందులోనికి దప్పుకొనువారే హెచ్చు.

ఇక గృహస్థులు, గృహిణులు ముఖ్యముగా దలపోయవలసిన విషయమొకటి యున్నది. ఇంటిలో మరణము సంభవించిన దినమున బుద్ధి మందగించియుండును. అప్పుడు ‘ఇట్లు చేయనిచో నాత్మకు శాంతి లేదు, ఇంత చెల్లించినచో గలుగును’ అనువాని మాట కెదురాడుటకు నోరు రాదు. లోభియని యనిపించుకొందుమను భయ మొకవైపు, చచ్చినవారికి లోపము చేసితిమా యను శంక యొకవైపు. కన్నతల్లి బ్రదికియుండగా మందు తెచ్చుటకు వెనుకాడినవాడును ఆ దినమున బేరమాడడు. ఆచారము తప్పని నేననుట లేదు. దుఃఖితునకు జేయుటకేదో పని చూపుట యాచారము చేయు నుపకారము. ఐతే మన ప్రేమను మన చేతులతో జేయవలసిన కడపటి సేవను బ్రతినిధికి డబ్బిచ్చి యప్పగించి, వాడేమి చేసెనో చూడక, తిరిగి యడుగక యుండుట భక్తి యగునా? చూడని భక్తియే మోసగానికి పెట్టుబడి. ఈ చిత్రములోని నేరస్థుడు క్రూరుడే. వానికి దలుపు తీసినది మాత్రము మంచివారి చూడనితనము. అందుచేత నది విలనుపై మాత్రమే కాక, మనపైగూడ బెట్టిన యభియోగము.

కొందఱిట్లనవచ్చును: ‘చలనచిత్రము వినోదముకొఱకు. ధర్మోపదేశము కావలసినవాడు పురాణమునకు బోవును.’ ఈ మాట కందుకూరి వీరేశలింగము పంతులుగారి ప్రహసనములకును వర్తింపవలెను. గురజాడవారి కన్యాశుల్కమునకును వర్తింపవలెను. వారు నవ్వించిరి, ఆ నవ్వే దురాచారమున కుచ్చయ్యెను. వినోదము, ధర్మము ఒరలో నిముడని రెండు కత్తులని భ్రమపడువారు వారిని మఱచినవారు. మఱికొందఱు వేఱొక యాక్షేపణ చేయుదురు: ‘ఈ చిత్రముగూడ ఆ శవముల పేర్లు చెప్పలేదు గదా, వానిని మెట్లుగా జేసికొని నాయకుని బైకెక్కించినది గదా.’ ఇది న్యాయమైన మాటయే. ఆత్రేయ దుఃఖము మనకు దెలిసినంతగా, పట్టాల ప్రక్కనున్నవారి దుఃఖము తెలియదు. రెండుగంటల కథలో ఒక్కని గుండెకే చోటు దొరకినది. కాని కథ విడిచిన చోటు నింపుట చూచినవాని వంతు.

నేనా చిత్రమును మొన్న మా యింటిలో మఱల చూచితిని. మా పొరుగున నుండు వృద్ధురాలొకామె కడవఱకు జూచి, హంతకుని సంగతి యెత్తక, ‘వాళ్లకు తలకొరివి ఎవరు పెట్టినారు నాయనా?’ అని యడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయినది. విమర్శకులందఱును నటనను, కథనమును దూచిన త్రాసులో ఆమె మఱియొక తూకపురాయి వేసినది.

మఱునాటి యుదయమున దినపత్రిక తెఱచితిని. జిల్లాపుటలో మూలన నాలుగు పంక్తులున్నవి. ఈసారి పుట త్రిప్పలేదు. చొక్కా రంగు చదివితిని. పుట్టుమచ్చ యెచ్చటనో చదివితిని. నే నెఱిగినవారిలో ఈ మధ్య కనబడనివా రెవరని తలపోసితిని. ఎవరును దోపలేదు. వీథిలోనికి వచ్చునప్పటికి కృష్ణానగర్ వైపునుండి కూలివేషమునకు బోవువా రిద్దఱు టీకొట్టు చెంత నిలిచియుండిరి. చాలకాలముగా నెదురుపడుచున్న మొగములే. ఆ దినమున మొదటిసారిగా వారి పేర్లడిగితిని.