కదలని పడవకు చుక్కాని

ఓం నమో నారసింహాయ.

నిన్నటి వీడియోలో "స్వామీ, నా బతుకు నావకు చుక్కాని నువ్వే" అన్నాను. మా చెల్లెలు విని, "అన్నా, చుక్కాని అంటే ఏంది?" అంది. ఆళ్లగడ్డలో పుట్టి నంద్యాలలో చదువుకున్న మాకు సముద్రం ఎక్కడిది! నేనూ చాలా రోజులు అది ‘చుక్క’ నుంచి వచ్చిందనీ, దారి చూపే నక్షత్రమనీ అనుకున్నా. కాదండి. అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి వచ్చిన మాట అది. పడవ వెనక నీళ్లలోకి దిగి ఉండే పలకే చుక్కాని. పడవ సాగుతుంటే నీళ్లు దానికి ఒరుసుకుంటాయి. పలకను పక్కకు తిప్పితే ఆ నీటి తోపుడుకే పడవ దారి మళ్లుతుంది.

మన సీమకు పడవ మరీ కొత్తేం కాదు. 1863–1870 మధ్య కె.సి. కెనాల్ తవ్వింది సాగుకే కాదు, పడవల రవాణాకు కూడా.

పోయినేడాది నా ఉద్యోగం పోయింది. ఆళ్లగడ్డకు వచ్చేశా. ప్రతి శనివారం అహోబిలం పోయి "స్వామీ, దారి చూపించు" అని మొక్కడం, ఇంటికొచ్చి పడుకోవడం. ఐదు నెలలు ఒక్క అప్లికేషన్ పెట్టలేదు. అమ్మ గాజులు కుదువకు పోయిన సంగతి కూడా నాకు తెలీదు.

ఒకరోజు నాయన ట్రాక్టర్ తుడుస్తూ అన్నాడు: "ఆగిన బండికి స్టీరింగ్ తిప్పితే టైరు అరుగుతాది గానీ, దారి మారుతాదా రా?"

చుక్కాని కూడా అంతే కదా! నిలబడిన నీళ్లలో కట్టేసిన పడవకు దాన్ని ఎంత తిప్పినా లాభం లేదు.

గీత రెండో అధ్యాయం 67వ శ్లోకంలో, ఇంద్రియాల వెంట పడిన మనసు బుద్ధిని లాక్కుపోతుంది, గాలి నావను లాక్కుపోయినట్టు అని స్వామి హెచ్చరించాడు. అందుకే చుక్కాని కావాలి. కానీ పగ్గాలు పట్టిన ఆ కృష్ణుడే అర్జునుణ్ని లేచి నిలబడమన్నాడు. ఆయన బదులు విల్లు ఎత్తలేదు.

ఆ రాత్రి రెండు అప్లికేషన్లు పంపాను. ఎనిమిదో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. అమ్మ గాజులు ఇంకా విడిపించాలి.

ఈరోజు మీరు వాయిదా వేస్తున్న ఒక్క పని మొదలుపెట్టండి. ఆ తర్వాత స్వామిని దారి అడగండి.

జై నారసింహ!