మోగని గంట

రేవులో విద్యుత్, సమాచార వ్యవస్థల రూపకల్పన చాలావరకు లేనిదాని గురించిన పని. మంట లేదు, బెల్టులో ఎవరూ చిక్కుకోలేదు అని కంట్రోల్ రూముకు ఎలా తెలియాలి? అలారం మోగకపోతే చాలదు. ప్రమాదం లేకపోయినా మోగదు, తీగ తెగిపోయినా మోగదు. ఈ రెండు మౌనాలను విడదీయడమే అసలు చిక్కు. లేనిది లేదని ఎలా తెలుస్తుందన్న దాని మీద భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్నాయి.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావం, అంటే లేమి, ఏడో పదార్థం. దానికి నాలుగు భేదాలు. వాటిలో వస్తువు పుట్టకముందున్న లేమి ప్రాగభావం. భద్రత చూసే ఇంజనీరు కాపాడేది సరిగ్గా దీన్నే. అయితే అభావం ఎలా తెలుస్తుందన్న చోట దారులు చీలాయి. ప్రత్యక్షంతోనే తెలుస్తుందన్నారు న్యాయదర్శనం వారైన నైయాయికులు. కుమారిలభట్టు మార్గంలోని మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి (కనబడకపోవడం) అనే ఆరో ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, కావాలన్నారు. దానికొక షరతు కూడా పెట్టారు: ఉంటే కనబడి తీరేదే అన్నప్పుడు మాత్రమే, కనబడకపోవడం ప్రమాణం. వెలుతురులో నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకట్లో కనబడకపోతే ఏమీ తేలలేదు. ఆ అర్హత పేరు యోగ్యత.

కోయిలకుంట్ల ఆ చీకటిని ఎరిగిన ఊరు. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అక్కడి ఖజానా మీద దాడి చేసేనాటికి ఊరు కడప జిల్లాలో ఉంది, రాయలసీమకు టెలిగ్రాఫ్ తీగ ఇంకా రాలేదు. కోయిలకుంట్ల నుంచి కబురు లేదంటే అక్కడంతా నెమ్మదిగా ఉందని కడపలోని అధికారి నమ్మడానికి ఆధారం లేదు. మనిషి ప్రయాణం చేసి వచ్చి చెప్పేదాకా తిరుగుబాటుదీ శాంతిదీ ఒకటే మౌనం.

ఇప్పుడు ఆ ఊరు నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం మీద ఉంది. ఎర్రగుంట్ల నుంచి కడప మీదుగా ఓబులవారిపల్లె చేరితే, ముగ్గురాయి గనుల మంగంపేట పక్కనుంచి 112 కిలోమీటర్ల లైను మొదలవుతుంది. వెలిగొండలను 6.6 కిలోమీటర్ల సొరంగంతో దాటి అది కృష్ణపట్నం రేవు వైపు సాగుతుంది. మెట్ట సీమకు రేవు కొత్త ఇరుగు.

రైలు సిగ్నళ్లలోని ట్రాక్ సర్క్యూట్ యోగ్యతకు మంచి ఉదాహరణ. పట్టాల గుండా చిన్న కరెంటు పారుతున్నంతసేపే రిలే పట్టుకుని ఉంటుంది. రైలు వచ్చినా, తీగ తెగినా, సరఫరా పోయినా రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. రేవులో బొగ్గు మోసే కన్వేయర్ పక్కనుండే పుల్ కార్డ్ స్విచ్చులదీ ఇదే పద్ధతి: మామూలు వేళ సర్క్యూట్ మూసి ఉంటుంది, తాడు లాగినా వైరు తెగినా బెల్టు ఆగుతుంది. ఫైర్ అలారం లూపు చివర ఒక రెసిస్టర్ పెడతారు. కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ పారుతూ, లైను బతికే ఉందని చెబుతుంటుంది. కొలత పరికరాల్లో సున్నాకు 4 మిల్లీ ఆంపియర్లు, గరిష్ఠానికి 20 కేటాయించడంలోని వివేకం మరీ లోతైనది. సున్నా అన్న మాటకూ అసలు మాటే రాకపోవడానికీ తేడా అక్కడ తీగలోనే ఉంది. ఉప్పుగాలి కనెక్షన్లను తినేసే సముద్రతీరంలో ఈ తేడా ప్రాణాల లెక్క.

అయినా ఒక సందు మిగులుతుంది. పరికరం చెడి 12 మిల్లీ ఆంపియర్ల దగ్గరే బిగుసుకుపోతే లైను బతికే ఉంటుంది, మాట మాత్రం అబద్ధం. యోగ్యతకు యోగ్యత ఎవరు చూడాలి? జ్ఞానం స్వతహాగా ప్రమాణమే, దోషం బయటపడితేనే తోసిపుచ్చాలి అన్నది మీమాంసకుల వాదం. ప్రామాణ్యం బయటి నుంచి, ఫలించిన ప్రవృత్తి వల్ల, అంటే ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని నెరవేరడం వల్ల, తేలాలన్నది నైయాయికుల వాదం. నడుస్తున్న రేవు క్షణక్షణం మీమాంసకుల దారినే నడుస్తుంది. ప్రతి రీడింగునూ అనుమానిస్తే ఒక్క ఓడ కూడా ఖాళీ కాదు. కానీ ప్రాణాల మీదికి వచ్చే పరికరాల దగ్గర నైయాయికుడి మాటే చెల్లాలి. అందుకే పరీక్ష రోజున పొగ డిటెక్టరు కిందికి కావాలనే పొగ వదులుతారు, నడుస్తున్న బెల్టు తాడు లాగుతారు, సైరన్ మోగించి దూరపు బెర్తులో ఉన్నవాళ్లకు వినిపించిందా అని అడుగుతారు.