ఆ అర సెకను ఎవరిది?

పోయిన సంక్రాంతికి నర్సీపట్నం వెళ్ళాను. బజార్లో టీ తాగుతుంటే పక్కనున్న కుర్రాడు ఫోన్ చూస్తూ "బ్రేక్ పాయింట్" అన్నాడు. మా ఊళ్ళో టెన్నిస్ మాటలు వినపడడమే తక్కువ, తొంగిచూశాను. ఎక్కడో ఇద్దరమ్మాయిలు ఆడుతున్న ఐటీఎఫ్ చిన్న టోర్నీ. వాళ్ళ పేర్లు పలకడం కూడా అతనికి రాదు, కానీ డబ్బు కాశాడు. ఆన్‌లైన్ పందేలని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

నేను ఎత్తకపోవడానికి ఇంకో కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక ప్రాజెక్టులో, అంపైరు తన చేతిలోని పరికరంలో నొక్కిన ప్రతి పాయింటునీ లోకమంతా చేరవేసే కోడ్ రాశాను. ఆలస్యాన్ని ఇంకో అర సెకను తగ్గించినందుకు మెచ్చుకున్నారు. అంత తొందర ఎవరికని అడగలేదు.

ఈ టోర్నీల్లో అట్టడుగు మెట్టు డబ్ల్యూ15. మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు. సింగిల్స్ మొదటి రౌండులో ఓడితే చేతికొచ్చేది సుమారు 150 డాలర్లు, ర్యాంకింగ్ పాయింట్లు సున్నా. విమానం టికెట్టు, హోటలు ఖర్చు ఎవరిది వాళ్ళదే. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ హార్డ్ కోర్టు మీద డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచిన సానియా మీర్జా కూడా ఐటీఎఫ్ టోర్నీల మీదుగానే పైకొచ్చింది. మనకి గుర్తుండేది పైకొచ్చినవాళ్ళే.

టెన్నిస్‌లో అవినీతిని పరిశీలించిన స్వతంత్ర సంఘం 2018లో రెండు విషయాల్ని కలిపి చూసింది: కింది స్థాయిలో ఆటగాళ్ళకి ఖర్చులు కూడా రాకపోవడం, అదే స్థాయి మ్యాచ్‌ల లైవ్ స్కోర్లని పందేల మార్కెట్‌కి అమ్మడం. 15,000 డాలర్ల టోర్నీల స్కోర్ల అమ్మకం ఆపెయ్యమంది.

దీనికి జవాబులున్నాయి. అధికారిక స్కోరు ఆపితే స్టాండ్స్‌లో కూర్చుని ఎవడో దొంగచాటుగా ఫోన్లో చెబుతాడు. పైగా ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులు కూతురి స్కోరు చూసుకోవద్దా? నేనూ చాన్నాళ్ళు ఇలాగే సర్దిచెప్పుకున్నాను: నేను స్కోరు పంపాను, పందెం వాళ్ళు కాశారు.

కానీ తల్లికి స్కోరు పది సెకన్లు ఆలస్యంగా తెలిస్తే నష్టమేముంది? అర సెకను తేడా పడేది పందెంరాయుళ్ళకే. కత్తికి ఏం కోస్తారో తెలీదంటాం, సరే. నేను మాత్రం ఒకే పనికి పనికొచ్చేంత పదును పెట్టాను. కోడ్ తటస్థం అనే మాట అక్కడ నిలవదు.

ఆ వారమే కోడిపందేలూ జరిగాయి. తన మీద ఎంత కాశారో కోడికి తెలీదు. ఆ అమ్మాయిలకి తెలుస్తుంది. 2024లో టెన్నిస్ ఆటగాళ్ళకొచ్చిన ఆన్‌లైన్ దూషణలో సుమారు 40 శాతం కోపమొచ్చిన పందెంరాయుళ్ళదేనని డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్‌లే ప్రకటించాయి.

కుర్రాడు ఓడిపోయాడు. "అమ్ముడుపోయిందన్నా" అన్నాడు, ఆ అమ్మాయి గురించి. అతని దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ ఆటలో అమ్ముడుపోయిందని కచ్చితంగా చెప్పగలిగేది స్కోరొక్కటే, అలాంటి అమ్మకానికి ఒకప్పుడు నేనూ జీతం తీసుకున్నాను. ఆ మాట అతనికి చెప్పాల్సింది. టీ డబ్బులిచ్చి ఇంటికొచ్చేశాను.