ప్లాస్టరు కింద సిలువ

క్రిస్మసు సెలవులకు జపాను నుండి వచ్చిన మా విచారణ యువకుడొకడు, ఆదివారం పూజ ముగిశాక గుడి అరుగు మీద నా పక్కన కూర్చుని ఒక సందేహం అడిగాడు. చిట్యాలలో పుట్టి, హైదరాబాదులో చదివి, టోక్యోలో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటున్న పిల్లవాడు. కుడి మణికట్టు మీద చిన్న సిలువ పచ్చబొట్టు ఉంది. తోటి ఉద్యోగులతో కలిసి ఒక కొండ ఊరిలోని వేడినీటి స్నానశాలకు వెళ్ళాడట. గుమ్మం దగ్గరే పచ్చబొట్టు ఉన్నవారికి ప్రవేశం లేదని బోర్డు కనిపించింది. అందరిలో వెనక్కి తిరగడానికి సిగ్గుపడి, సంచిలోని ప్లాస్టరు తీసి సిలువ మీద అంటించుకున్నాడు. లోపల పనిచేసే ఆయన "దెబ్బ తగిలిందా?" అని అడిగితే తల ఊపాడు.

"సార్, నేను ఆడింది అబద్ధమేనా? సిలువను దాచుకున్నాను గదా, పునీత పేతురు చేసిన పనే నేనూ చేసినట్టా?"

నవ్వి ఊరుకుందామనుకున్నాను. వాడి ముఖం చూస్తే నవ్వు రాలేదు.

ఆ స్నానశాలల సంగతి కొంత చెప్పాలి. భూమిలోనుండి పైకి వచ్చే వేడినీటి ఊటను జపాను వారు ఒన్సెన్ అంటారు. నీరు 25 డిగ్రీలకు తక్కువ కాకుండా ఉంటే చాలు, దానిని ఒన్సెన్‌గా వారి 1948 నాటి చట్టం గుర్తిస్తుంది. అక్కడ బట్టలన్నీ విప్పి, చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో ఒళ్ళంతా శుభ్రంగా కడుక్కున్న తర్వాతే అందరూ కూర్చునే తొట్టిలో దిగాలి. తువ్వాలు కూడా ఆ నీటికి తగలరాదు. ఆఫీసరు, గుమాస్తా పక్కపక్కనే మెడ దాకా మునిగి కూర్చుంటారు. హోదా బట్టలతోపాటే బయట ఉండిపోతుంది. మనిషికి చర్మం ఒక్కటే మిగులుతుంది. అందుకే కాబోలు, ఆ చర్మం మీది గుర్తుకు అక్కడ అంత పట్టింపు.

ఆ పట్టింపు వెనుక భయం ఉంది. 1720 నుండి అక్కడి పాలకులు నేరస్థుల చేతుల మీదో నుదుటి మీదో పచ్చబొట్టు పొడిపించడం శిక్షగా పెట్టారు. మన దేశంలోనూ ఆంగ్లేయులు బెంగాలులో ఖైదీల నుదుట అలాగే పొడిపించారు; అది 1849లో రద్దయింది. జపాను ప్రభుత్వం 1872లో పచ్చబొట్టునే నిషేధించింది, 1948 దాకా ఆ నిషేధం నడిచింది. ఒంటినిండా బొమ్మలు పొడిపించుకునే యాకుజా ముఠాలవారు తొట్టిలో దిగితే మిగతావారు లేచి పోతారని యజమానుల దిగులు. 2015లో అక్కడి పర్యాటక శాఖ విచారిస్తే, జవాబిచ్చిన సుమారు 600 స్నానశాలల్లో 56 శాతం పచ్చబొట్టు ఉన్నవారిని రానివ్వమన్నాయి. 31 శాతం రానిస్తామన్నాయి. మిగిలిన 13 శాతం, కప్పుకోవడం వంటి షరతుల మీద ఒప్పుకుంటామన్నాయి.

మావాడి ప్రశ్నకు వస్తాను. పచ్చబొట్టే పాపమని లేవీయకాండము చూపించేవారున్నారు. అక్కడి మాట చనిపోయినవారి కోసం దేహాన్ని కోసుకునే ఆచారం పక్కనే ఉంది. ఈజిప్టులోని కోప్టు క్రైస్తవులు తరతరాలుగా మణికట్టు మీద సిలువ పొడిపించుకుంటున్నారు. వారిని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ఇక పేతురంటారా, ఆయనను చలిమంట దగ్గర అడిగింది ప్రభువును గురించి. మావాణ్ణి ఎవరూ అది అడగలేదు. ప్లాస్టరు కూడా తప్పు కాదు, కప్పుకుని రమ్మనే స్నానశాలలు ఉన్నాయని చూశాం గదా. కానీ తల ఊపాడే, అది తప్పు. ఇంటి యజమాని ఒక షరతు పెట్టాడు; ఆయన సమ్మతిని వీడు మోసంతో పుచ్చుకున్నాడు. ఆ మాటే చెప్పాను. వాడికి అంతగా రుచించలేదు.

"మరి ఆ షరతు న్యాయమా సార్? చర్మం చూసి మనిషిని ఆపుతారా?"

అదీ అడగవలసిందే. 2013లో హొక్కైదో దీవిలో న్యూజిలాండు మావోరీ స్త్రీ ఒకరిని ముఖం మీది పచ్చబొట్టు చూసి స్నానశాలవారు పంపివేశారు. ఆమెకు అది వంశం గుర్తు. ప్లాస్టరు వేయమంటే ఎక్కడ వేస్తుంది? ఆ దీవి ఆదివాసులైన ఐను జాతి స్త్రీలు పెదవుల చుట్టూ పచ్చబొట్టు పొడిపించుకునేవారు, దానినీ ప్రభుత్వం 1871లో నిషేధించింది. ఈ విషయంలో మన సైన్యం నియమం నాకు మెరుగనిపిస్తుంది. ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనుక తప్ప ఇంకెక్కడ శాశ్వతమైన పచ్చబొట్టు ఉన్నా కుర్రవాళ్ళను తీసుకోరు. గిరిజనులకు మాత్రం వారి ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది. జాతి ఇచ్చిన గుర్తు వేరు, హైదరాబాదు దుకాణంలో డబ్బిచ్చి వేయించుకున్నది వేరు. మావాడిది రెండవది. స్నానశాలవారు కాదంటే చిన్నబుచ్చుకోవచ్చు గాని, అన్యాయం జరిగిందని అనలేడు. విడిగా గది తీసుకుని స్నానం చేసే వీలున్న చోట్లు కూడా అక్కడ ఉన్నాయి.

అయినా, నీటి దగ్గర మనిషిని ఆపడం గురించి మనం జపానుకు చెప్పగలమా? 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కరు గారు వేలమందిని వెంటబెట్టుకుని నడవవలసి వచ్చింది. బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర కులం పేరుతో ఎవరినీ ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణంలో విడిగా రాసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా తెలంగాణ పల్లెల హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. కులం మీద ప్లాస్టరు అంటుకోదు. పూజలో ఒకే పాత్ర నుండి ప్రసాదం అందుకుని, పెండ్లి మాట రాగానే 'వాళ్ళెవరు?' అని గొంతు తగ్గించి అడిగే ఇండ్లు మన విచారణలలో ఎన్ని లేవు? నేనూ ఒకసారి అలా అడిగినవాణ్ణే.

అంతలో వాడి నాయనమ్మ పూజ కొంగు సవరించుకుంటూ మా దగ్గరికి వచ్చింది. ఆమె ముంజేతుల మీద చిన్నప్పుడు ఎరుకలామె దీపపు మసితో పొడిచిన చుక్కలు, పువ్వులు పచ్చగా ఉన్నాయి. సంగతంతా విని, మనుమడిని అడిగింది.

"ఎన్నడన్న నేను ఆడికొస్తే, నన్ను గూడ ఆ నీళ్ళల్ల దిగనియ్యరా బిడ్డా?"

వాడు నా వైపు చూశాడు.