అశ్వమునకు పారణ

శ్రావకుని అహింసాణువ్రతమునకు కళంకము తెచ్చు అతిచారములు ఐదని ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రము సప్తమాధ్యాయమున నిర్దేశించెను. అవి బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. కదలనీయక కట్టివేయుట మొదటిది. కొట్టుట రెండవది. అవయవములను కోయుట మూడవది. మోయజాలని బరువు నెత్తుట నాలుగవది. ఈ నాలుగింటిని చూచినవాడు వెంటనే గుర్తించును. ఐదవది అట్లు కాదు. అన్నపాననిరోధమునకు త్రాడు అక్కరలేదు, కొరడా అక్కరలేదు. ఖాళీ గాడి చాలును.

చీమ కాలిక్రింద పడునేమో యని నేలజూచి నడచు గృహస్థుడు, తన యుత్సవమునకు వచ్చిన గుర్రపు ప్రక్కటెముకలను చూడకుండుట గలదు. వరఘోడాలలోను, దీక్షోత్సవములలోను, వివాహపు టూరేగింపులలోను అలంకరించిన గుర్రము నడచును. జరీవస్త్రము క్రింద దాని వెన్నెముక ఎట్లున్నదో ఎవరును విచారింపరు. బాడుగ చెల్లించినందున బాధ్యత తీరినదనియు, గుర్రము మరియొకనిదనియు చెప్పు సమాధానము లోకవ్యవహారమున చెల్లునేమో గాని ధర్మమున చెల్లదు. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని ఆమోదించుట అను మూడును కర్మబంధమునకు ద్వారములే. బాడుగకు దెచ్చుకొన్నంతసేపు ఆ ప్రాణి ఆకలి దెచ్చుకొన్నవాని ఖాతాలోనే వ్రాయబడును.

జైన సంప్రదాయమున అశ్వమునకు గౌరవస్థానము గలదు. మూడవ తీర్థంకరుడగు సంభవనాథస్వామి లాంఛనము అశ్వము. భరూచ్ నగరమున యజ్ఞమునకు సిద్ధపరచిన గుర్రమునకు ధర్మబోధ చేయుటకై మునిసువ్రతస్వామి గోదావరీతీరమందలి ప్రతిష్ఠానపురమునుండి ఒక్క రాత్రిలో అరువది యోజనములు నడచి వచ్చెనని గాథ. జినప్రభసూరి 14వ శతాబ్దమున రచించిన వివిధతీర్థకల్పమున ఆ క్షేత్రమును అశ్వావబోధతీర్థమని కీర్తించెను. ఆ గుర్రము పూర్వజన్మమున ఒక వర్తకుడట! అంగడిలో కూర్చున్నవానికిని అశ్వశాలలో నిలుచున్నదానికిని నడుమ నున్న దూరము ఎంత స్వల్పమో ఈ గాథ తెలుపుచున్నది. మాయ తిర్యగ్గతికి హేతువను సిద్ధాంతమును ఎరిగిన వర్తకుడు దీనిని తేలికగా త్రోసివేయజాలడు.

ఋషభదేవుని గాథయు ఇట్టిదే. దీక్షానంతరము ఆ స్వామి సంవత్సరమునకు మించి నిరాహారులై యుండిరి. హస్తినాపురమున శ్రేయాంసకుమారుడు చెఱకురసమిచ్చి పారణ చేయించిన దినమే అక్షయతృతీయ. పూర్వజన్మమున కళ్లములో ధాన్యము తినుచున్న ఎద్దుల మూతులకు చిక్కములు కట్టుమని సలహా యిచ్చి, పని ముగిసిన పిదప వానిని విప్పించుట మరచినందున ఆ ఫలము కలిగెనని చెప్పుదురు. ద్వేషముతో చేసిన పని కాదు, కేవలము మరపు. అదియే ప్రమాదము. మూగజీవుల ఆహారవిషయమున శ్రావకుని పాపము నూటికి తొంబదిపాళ్లు ఈ మరపువలననే కలుగును.

ఉపవాసము గొప్పదే కదా, గుర్రము ఒక పూట పస్తున్న నేమి యని కొందరు పరిహాసమాడుదురు. ప్రత్యాఖ్యానము గైకొని, ఇష్టపూర్వకముగ ఆహారమును విడిచినవానిది తపస్సు. ఎదుట లేక మాడినదానిది తపస్సు కాదు. రాత్రిభోజనత్యాగమును గూర్చియు ఇట్లే తెలిసికొనవలెను. అది శ్రావకుడు తనకు విధించుకొన్న నియమము. గుర్రము ప్రకృతిచే రేయింబవళ్లు మేయు ప్రాణి. స్వేచ్ఛగా విడిచినచో దినమునకు పదునాలుగు, పదునారు గంటలు మేయును. దాని జీర్ణకోశము చిన్నది, సుమారు 8 మొదలు 15 లీటర్లు మాత్రమే పట్టును. అందు ఆమ్లము ఎడతెగక ఊరుచునే యుండును. మేత లేక గంటల తరబడి నిలిచిన గుర్రమునకు ఆ ఆమ్లమే పుండ్లు కలిగించును. కావున సూర్యాస్తమయముతో గాడిని ఖాళీచేయుట వ్రతము కాదు, అన్నపాననిరోధము.

ఇక తినియు చిక్కిపోవు గుర్రము సంగతి. ఇచ్చట దయ యొక్కటి చాలదు, జ్ఞానము దానికి ముందు నడువవలెను. మొదట నోరు చూపవలెను. గుర్రపు దంతములు జీవితమున చాలకాలము పెరుగుచునే యుండును. నములుటలో అరిగి, అంచులు కత్తులవలె వాడియై బుగ్గలను నాలుకను కోయును. సగము నమిలిన గడ్డి ముద్దలుగా నేల రాలుచున్నచో కారణ మదియే. ఏటికొకమారు పశువైద్యునిచే దంతములు సరిచేయింపవలెను. గాడియొద్ద బలమైన గుర్రము దీనిని తరుముచున్నదేమో చూడవలెను. పని ఎక్కువై, మేత తక్కువై యుండవచ్చును. కడుపులో నట్టలుండవచ్చును.

నట్టల మందువలన ద్వీంద్రియజీవులకు హింస కలుగునని వెనుదీయు ధర్మభీరువులు గలరు. ఆ సంకోచము నిందింపదగినది కాదు. అయినను గృహస్థుడు ముఖ్యముగా విడువవలసినది సంకల్పహింస. పంచేంద్రియ ప్రాణిని క్షయింపనిచ్చి చూచుచుండుట అహింస కాదు. లద్దె పరీక్షించి అవసరమని వైద్యుడు చెప్పినప్పుడే మందిచ్చుట, ప్రతిదినము శాలను శుభ్రపరచి నట్టలు వ్యాపింపకుండ జూచుట, ఈ రెండును కలిసి వివేకమార్గము.

మేతకు మూలము గడ్డి. 300 కిలోల గుర్రమునకు దినమునకు సుమారు 6 కిలోల మంచి ఎండుగడ్డి, లేదా దానికి తగిన పచ్చిగడ్డి వలయును. గరికగడ్డి శ్రేష్ఠము. లూసర్న్ బలకరము, తమిళనాట దానిని కుదిరైమసాల్ అనియు కన్నడనాట కుదురెమసాలె అనియు గుర్రము పేరనే పిలుచుట విశేషము. వట్టి వరిగడ్డిలో సారము తక్కువ. గుర్రమనగానే ఉలవ గుగ్గిళ్లు జ్ఞప్తికి వచ్చును గాని, గడ్డి తగ్గించి గుగ్గిళ్లు కుమ్మరించుట బలము కాదు, రోగము. గింజలను చిన్న చిన్న భాగములుగా, దినమునకు మూడు నాలుగుమార్లుగా పంచి పెట్టవలెను. గోధుమపొట్టు నొక్కదానినే నమ్ముకొన్నచో సున్నపుసత్తువ చాలక ఎముకలు దెబ్బతినును. కొంచెము నూనె చేర్చి క్రమముగ పెంచుట మేలు. ఏ మార్పైనను పది పదునాలుగు దినములలో మెల్లగా చేయవలెను. కొంచెము ఉప్పు, ఎల్లవేళల శుభ్రమైన వడగట్టిన నీరు ఉండవలెను. ఎండకాలమున నీటిని లెక్కపెట్టరాదు.

పూర్తిగా ఆకలిచే కృశించిన గుర్రమునకు ఈ విధియు వర్తింపదు. అట్టిదానిని చూచి హృదయము కరగి, ఎదుట గంపెడు గుగ్గిళ్లు, బెల్లము పోయు దయామయులు గలరు. ఆ దయయే దానిని చంపవచ్చును. క్షీణించిన దేహమున ఒక్కసారిగా పిండిపదార్థము చేరినచో రక్తమందలి భాస్వరము మొదలగు లవణములు హఠాత్తుగా తగ్గి, మూడు నాలుగు దినములలో గుండె ఆగిపోవచ్చును. కడుపు నింపినవాడు పుణ్యము చేసితినని నిద్రించుచుండగా ఆ ప్రాణి నేల కూలును.

ఈ రహస్యము జైన గృహములకు క్రొత్తది కాదు. అఠ్ఠాయి చేసినవారికి, మాసక్షమణము చేసినవారికి పారణదినమున పంచభక్ష్యములు వడ్డింతురా? పెసరకట్టు కొంచెము కొంచెముగా నిత్తురు. ఇంటి పెద్దలు ప్రక్కన కూర్చుండి చెంచా లెక్కింతురు. గుర్రమునకు పెసరకట్టువంటిది లూసర్న్ ఎండుగడ్డి. పరిశోధించిన పశువైద్యులు మొదటి మూడు దినములు నాలుగేసి గంటలకొకమారు అరకిలో చొప్పున మాత్రమే దానినిచ్చి, పిదప క్రమముగా పెంచుమనిరి. గింజలు కొన్నివారములవరకు వలదనిరి. పశువైద్యుడు దగ్గరనుండి నడుపవలసిన పారణ ఇది. కోలుకొనుటకు మూడు మొదలు అయిదు మాసములు పట్టును. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి తగులుచున్నచో దేహము సమస్థితికి వచ్చినదని గుర్తు.

జీవదయకు ధనమిచ్చు సంఘములు గమనింపవలసినది ఇందే యున్నది. పర్వదినమున ఒక్కనాడు బండెడు దాణా పోయించి ఛాయాచిత్రము తీయించుకొనుట సులభము. ఒక్క గుర్రమునకు అయిదు మాసములు గడ్డి, వైద్యము, దంతపరీక్ష ఏర్పాటుచేయుట కష్టము. వర్తకునకు ఈ రెండింటి తారతమ్యము చెప్పనక్కరలేదు. ఒక్కనాటి అమ్మకముచే అంగడి నిలువదని అతడెరుగును.

ఊరేగింపునకు గుర్రము తెచ్చువారు ముందుదినమే పోయి జీను తీయించి చూడవలెను. ఎముకలు తేలియున్నచో దానిని నడిపింపరాదు. అయితే యజమానిని నిందించి వెడలిపోవుటయు ధర్మము కాదు. అతని పిల్లల అన్నము ఆ గుర్రముపైనే యున్నది. బాడుగ తెగినచో గాడి మరింత ఖాళీ యగును. బాడుగ యిచ్చి, గుర్రమును శాలలోనే విశ్రమింపజేసి, గడ్డికొట్టువానికి నేరుగా ధనము కట్టుట ఉభయతారకము. గుర్రము లేక వరఘోడా కాలినడకన సాగినచో సంఘమునకు లోపమేమి? భారత ప్రభుత్వపు 1960 నాటి జంతుహింసానివారణ చట్టమును పశువునకు చాలినంత ఆహారము, నీరు, నీడ ఇవ్వని యజమానిని నేరస్థునిగా నెంచుచున్నది. ఆ చట్టమునకు ఎన్నో శతాబ్దముల పూర్వమే ఆచార్యుడు ఆ నేరమును వ్రతభంగముల పట్టికలో చేర్చెను. చట్టము సాక్షిని కోరును. కర్మము కోరదు.

సంభవనాథస్వామి పాదపీఠముపై నున్న అశ్వమునకు అక్షతలు చల్లు చేయి, వీథిలోని అశ్వమునకు గడ్డిపరక అందించుటలోను, దానిని కొలతతో అందించుటలోను జాగరూకమై యుండుగాక. సకలజీవులకు క్షేమమగుగాక.

జై జినేంద్ర.