నవ్వు అను చద్దిమూట



జడ్చర్ల కూడలిలో తెల్లవారకమునుపే మూటలు దింపుకొని, బస్సుకై ఎదురుచూచు వలస కుటుంబములను పాలమూరు జిల్లాలో పెరిగినవారెవరును మరువజాలరు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము మొదలుకొని, దేశమున ఎన్నో ఆనకట్టలకు మట్టిమోసిన చేతులలో పాలమూరు కూలీల చేతులున్నవి. ఆ మూటలలో జొన్నరొట్టె, ఎల్లిపాయకారము ఉండును. నవ్వు కూడ ఒక చద్దిమూటయై వారి వెంట నడచును.

కొడుకు, కోడలు వలసపోగా, మనుమని సాకుచు ఊరిలో మిగిలిన ఒక అవ్వను నేనెరుగుదును. వానకారు రాత్రి. ఇంటికప్పు కురియుచున్నది. బిక్కమొగము వేసిన పిల్లవానితో అవ్వ ఇట్లనెను: "వానదేవుడు మనింటికి చుట్టమై వచ్చిండు బిడ్డా! కాళ్లు కడుక్కోనీకి నీళ్లు గూడ ఆయననే తెచ్చుకున్నడు. నువ్వు చెంబు పెట్టు, చాలు."

పిల్లవాడు పకపక నవ్వి, నీరు కారుచోట చెంబు పెట్టెను.

అవ్వకు దుఃఖము లేకపోలేదు. మేస్త్రీ వద్ద తీసికొన్న అడ్వాన్సు తీరక, కొడుకు దసరాకైనను రాలేదు. ఆమె నవ్వినంతమాత్రమున ఆ కష్టము న్యాయమైపోదు. అయినను, పసివానికి భయమును కాక ధైర్యమును పంచవలెనన్న సంస్కారము, ఏ బడిలోను చదువకయే, ఆమెకు అబ్బినది. నవ్వు చద్దిమూట. ఒక్కరే తినునది కాదు, పదిమందికి పెట్టునది.

ఈ పూట పనికి బయలుదేరుటకు ముందు, మీ ఇంటి పెద్దల చెంత ఒక్క నిమిషము కూర్చుండుడు. గడ్డుకాలమున వారిని నవ్వించిన మాట ఏదో అడిగి వినుడు. పిల్లలను కూడ పిలువుడు.